ఖానోల్కర్ పేరు మనకెందుకు తెలియదు? అడ్డపొగ, అంగిలి క్యాన్సర్, ఒక పాథాలజిస్టు

కొత్తవలస_రాజు:
ఇక్కడ డాక్టర్లు, మెడికోలు చాలామందే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. వి.ఆర్. ఖానోల్కర్ అనే పాథాలజిస్టు (రోగి నుంచి తీసిన ముక్కని మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే డాక్టరు) పేరు మీలో ఎంతమంది విన్నారు? నేనైతే వినలేదు. మా వైపు ఆడవాళ్లు చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని తాగుతారు, అడ్డపొగ అంటాం. దాని మీద ఎవరైనా గట్టిగా పనిచేశారా అని నెట్‌లో తవ్వుతుంటే 1945లో ఒక అమెరికా పాథాలజీ జర్నల్లో వచ్చిన పేపరు తగిలింది. రాసింది బొంబాయి నుంచి ఖానోల్కర్, సూర్యాబాయి అని ఇద్దరు. అలవాట్ల వల్ల వచ్చే కొత్త రకం క్యాన్సర్లు ఇండియాలో మూడు ఉన్నాయని రాశారు, అందులో ఒకటి మన చుట్టది! దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు, బొంబాయిలో కూర్చున్న మనిషికి మన ముసలమ్మల అంగిలితో పనేంటి? ఈయనెవరు, ఏం చేశాడు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి, లింకు పడేసి పోకండి.

గాజుపలక:
రాజు గారూ, నేను విశాఖలోనే పాథాలజీ పీజీ చేస్తున్నాను. మా వాళ్లందరికీ ఆయన పేరు తెలుసు, అయితే క్విజ్‌లో "భారతదేశంలో పాథాలజీకి పితామహుడు ఎవరు" అంటే జవాబు చెప్పేంత వరకే. పేపర్లు తెరిచి చదివినవాళ్లు తక్కువ. నేను థీసిస్ కోసం చదవాల్సి వచ్చింది కాబట్టి చెప్పగలను.

ఆయన గోవా మనిషి, 1895లో పుట్టారు. లండన్‌లో చదివి 1923లో పాథాలజీలో ఎండీ తీసుకున్నారు. తిరిగొచ్చి బొంబాయిలో గ్రాంట్ మెడికల్ కాలేజీలో, తర్వాత జీఎస్ మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్. 1941 ఫిబ్రవరిలో పరేల్‌లో టాటా మెమోరియల్ ఆసుపత్రి తెరిచాక అక్కడి ల్యాబ్‌లన్నీ ఆయన చేతికిందికి వచ్చాయి. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

మీ ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. అప్పట్లో క్యాన్సర్ కోసమే కట్టిన ఆసుపత్రులు దేశంలో ఎన్ని ఉంటాయి చెప్పండి. బీహారు నుంచి, గుజరాత్ నుంచి, మన వైపు నుంచి ఎవరికి తాహతు ఉంటే వాళ్లు రైలెక్కి అక్కడికే వెళ్లేవాళ్లు. అంటే దేశంలో రకరకాల అలవాట్లున్న మనుషుల కణితులన్నీ ఒకే మైక్రోస్కోపు కిందికి వచ్చి చేరాయి. చూసేవాడికి చూపు ఉంటే చాలు. 1944లో వరుసగా వచ్చిన 1,000 నోటి క్యాన్సర్ కేసుల మీద ఆయన ఒక పేపరు రాశారు, మరుసటి ఏడాది మీరు చెప్పిన ఈ మూడు క్యాన్సర్ల పేపరు.

ఆ మూడూ ఏంటంటే, పంచె బిగించి కట్టే చోట నడుము చర్మం మీద వచ్చేది ఒకటి, పొగాకులో సున్నం నలిపి కింది పెదవి వెనకాల దవడలో పెట్టుకునేవాళ్లకి సరిగ్గా ఆ గాడిలోనే వచ్చేది ఒకటి (ఖైనీ), చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని తాగేవాళ్లకి అంగిలి మీద వచ్చేది ఒకటి. మూడింటికీ పోలిక ఏంటో చూశారా? మనిషి రోజూ ఎక్కడ ఒరుసుకుంటాడో, ఎక్కడ కాల్చుకుంటాడో అక్కడే పుండు. అది చూసి ఈయన "ఈ మనిషి రోజూ ఏం చేస్తాడు?" అని అడిగాడు. పాథాలజిస్టు అడగాల్సిన ప్రశ్నే కాదది మామూలుగా. మా ముందుకు మనిషి రాడు, సీసాలో ముక్క వస్తుంది.

సిటేషన్_సుబ్బు:
బాగుంది గానీ కాస్త నేల మీదికి వద్దాం. నేను యూనివర్సిటీలో పరిశోధనల లెక్కలు చూసే సెక్షన్‌లో పనిచేస్తాను. "పితామహుడు", "మహానుభావుడు" అనే మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక శాస్త్రవేత్త ప్రభావం అంటే తర్వాతి వాళ్లు ఆయన పేపర్లని ఎంత వాడుకున్నారు, ఏ పద్ధతి నిలబడింది, ఏ సిద్ధాంతం నిలబడింది అనేది చూడాలి. కేసులు పోగేసి "ఇది అలవాటు వల్ల" అనడం పరిశీలన, రుజువు కాదు. పోల్చి చూడ్డానికి జబ్బులేని వాళ్ల గుంపు ఉందా ఆ 1945 పేపరులో? ఆయన హెచ్-ఇండెక్స్ (పేపర్లని ఇతరులు ఎంత ఉదహరించారో చెప్పే అంకె) ఇప్పటి అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రమోషన్‌కి కూడా సరిపోదని పందెం.

కొత్తవలస_రాజు:
సుబ్బు గారు వచ్చేశారు, ఇక థ్రెడ్ నడుస్తుంది 😄

చికాకోలు_పళ్లడాక్టరు:
శ్రీకాకుళంలో క్లినిక్ నాది. సుబ్బు గారి ప్రశ్నకి పాథాలజీ మేడమ్ చెబుతారు, ముందు నేను చూసేది ఏంటో చెప్తాను, లేకపోతే మాట్లాడుకుంటున్నది దేని గురించో చదివేవాళ్లకి అర్థం కాదు.

నా దగ్గరికి పన్ను నొప్పి అని ఒక పెద్దావిడ వస్తుంది. నోరు తెరవమని లైటు వేస్తాను. పన్ను సంగతి తర్వాత, పైన అంగిలి చూస్తే తెల్లగా, మందంగా, ఎండిన చెరువు అడుగులా బీటలు వారి ఉంటుంది. ఆ తెలుపు మధ్యలో అక్కడక్కడా ఆవగింజంత ఎర్ర చుక్కలు. అంగిలి నిండా చిన్న చిన్న లాలాజల గ్రంథులుంటాయి, వాటి నాళాల మూతులు వాచి అలా ఎర్రగా కనిపిస్తాయి. పళ్ల లోపలి వైపు బొగ్గు నలుపు. నాలుక మీద కూడా మరక. అప్పుడు అడగాలి, "అమ్మా, చుట్ట తాగుతావా?" చాలామంది "లేదు బాబూ" అంటారు, పక్కన కోడలుంటే మరీను. "అడ్డపొగా?" అంటే నవ్వుతారు, దొరికిపోయినట్టు.

మామూలుగా సిగరెట్టో చుట్టో తాగేవాళ్లకి గట్టి అంగిలి మీద క్యాన్సర్ రావడం చాలా అరుదు. అక్కడి పొర దళసరిది, అంత తేలిగ్గా లొంగదు. నిప్పు లోపల పెట్టుకుంటే లెక్క మారిపోతుంది. నోట్లోని గాలి 120 డిగ్రీల సెల్సియస్ దాకా, పొర ఉపరితలం 58 డిగ్రీల దాకా వేడెక్కుతుందని కొలిచినవాళ్లు రాశారు. పొగ, తారు, బూడిద మొత్తం లోపలే. పెదవులు మూసి ఉంచుతారు కాబట్టి చుట్ట నెమ్మదిగా కాలుతుంది, ఎక్కువసేపు వస్తుంది. గాలికి ఆరదు, చెయ్యి తడిగా ఉన్నా పర్లేదు, అందుకే వేటకెళ్లే వాళ్లలో, చాకిరేవులో, పొలం పనుల్లో అంతగా పాతుకుపోయింది.

పాతబస్తీ_మాస్టారు:
క్యాన్సర్ పాథాలజిస్టు అంటే నాకు సిడ్నీ ఫార్బర్ గుర్తొస్తాడు. బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రిలో పాథాలజిస్టు. పోస్టుమార్టం గదిలో లుకేమియా పిల్లలని చూసి చూసి, ఇక బతికున్న పిల్లల కోసం ఏదైనా చెయ్యాలని పైకొచ్చిన మనిషి. 1948లో 16 మంది పిల్లలకి అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. ఆ మందు ఎక్కడిది? అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందానిది! ఈయన్ని వదిలేసి బొంబాయి ఆయన గురించి మాట్లాడుకోవడమేంటి?

గాజుపలక:
మాస్టారూ, సుబ్బారావు గారిని ఎవరు వదిలేశారు, ఆయన మీద ఈ వేదికలోనే రెండు థ్రెడ్లున్నాయి. తమాషా ఏంటంటే ఆయనా, ఖానోల్కరూ ఇద్దరూ 1895లోనే పుట్టారు. ఒకరు న్యూయార్క్ పక్కన మందు తయారు చేస్తుంటే ఒకరు పరేల్‌లో జబ్బు ఎందుకొస్తుందో వెతుకుతున్నారు. జనానికి మందు కనిపెట్టినవాడు గుర్తుంటాడు, "ఇది మానెయ్యండి రా" అని చెప్పినవాడు ఎవరికి గుర్తుంటాడు.

ఇప్పుడు సుబ్బు గారికి. 1945 పేపరులో పోల్చి చూసే గుంపు లేదనుకుందాం, ఒప్పుకుంటాను. అక్కడితో ఆగిపోయి ఉంటే మీ మాటే నెగ్గేది. కానీ 1955 బ్రిటిష్ మెడికల్ జర్నల్ తెరవండి, సంఘ్వీ, రావు, ఖానోల్కర్. టాటా మెమోరియల్‌లో క్యాన్సర్ ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ పక్కపక్కన పెట్టి, ఎవరు పొగాకు నములుతారు, ఎవరు పొగ తాగుతారు, ఎవరు రెండూ చేస్తారు అని లెక్క తీశారు. నమిలేవాళ్లకి నోటి ముందు భాగంలో, పొగ తాగేవాళ్లకి నాలుక మొదట్లో, గొంతులో ఎక్కువ. అంటే అలవాటు మారితే కణితి చోటు మారుతోంది. పొగ తాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ సంబంధం చూపిన డాల్, హిల్ పేపరు ఇంగ్లండులో వచ్చింది 1950లో. ఐదేళ్లు తిరక్కుండా ఇక్కడ అదే పద్ధతిలో నోటి క్యాన్సర్ మీద పనిచేశారు, కంప్యూటర్లు లేని రోజుల్లో.

ఇంకో సంగతి. సంఘ్వీ గారు పాథాలజిస్టు కాదు, జన్యుశాస్త్రం, గణాంకాలు చూసే మనిషి. ఆయన్ని తెచ్చి ల్యాబ్‌లో కూర్చోబెట్టింది ఖానోల్కర్. బొంబాయిలో ఆరు కులాల రక్తం గ్రూపులు వగైరా మీద ఇద్దరూ కలిసి 1949 ప్రాంతంలో రాశారు. ఎందుకో ఆలోచించండి. ఫలానా వాళ్లకి ఫలానా క్యాన్సర్ ఎక్కువ అంటే అది పుట్టుకతో వచ్చిందా, అలవాటుతో వచ్చిందా అని విడదీయాలి కదా. అలవాట్లని కొలవాలంటే రక్తాన్నీ కొలవాలి. ఆ రోజుల్లో "అది వాళ్ల జాతి లక్షణం" అని తేల్చేయడం సులువు, ఈయన అలా తేల్చలేదు.

సిటేషన్_సుబ్బు:
1955 పేపరు సంగతి సరే, అది గట్టిదే, నేను చూశాను. అయినా నా పాయింట్ నాదే. నములుడికీ నోటి క్యాన్సర్‌కీ సంబంధం ఉందని మొదట అన్నది ఆయన కాదు. మద్రాసులో నిబ్లాక్ అనే సర్జన్ 1902లోనే అన్నాడు. 1933లో ట్రావెన్‌కోర్ నుంచి ఆర్ (Orr) అనే డాక్టరు లాన్సెట్ అనే బ్రిటిష్ వైద్య జర్నల్లో రాశాడు. చుట్ట, అంగిలి సంగతి కూడా మీ విశాఖ సర్జన్ కిణి, ఆయనతో సుబ్బారావు అనే ఆయన (మాస్టారూ, వేరే సుబ్బారావు) 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. అంటే 1945 కంటే ఎనిమిదేళ్లు ముందు, అదీ ఇక్కడే ఉన్నవాళ్లు. క్రెడిట్ మాత్రం బొంబాయికి.

కొత్తవలస_రాజు:
ఓహో. ఇది నాకు తెలియదు. మరి మన విశాఖ వాళ్ల సంగతి ఎవరూ చెప్పరే?

గాజుపలక:
చెప్తాను, అసలు నాకు ఇష్టమైన భాగం ఇదే. ఎవరు ముందు అనే గొడవ నాకు పెద్దగా పట్టదు గానీ విశాఖ పని మాత్రం నిజంగా గొప్పది.

ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. పక్కనే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి). ఉత్తరాంధ్ర, ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే అంగిలి కేసులన్నీ అక్కడికే. పాథాలజీలో డి. గోవిందరెడ్డి గారు, వి. కామేశ్వరరావు గారితో కలిసి 1957లో కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్ గురించి రాశారు, నిప్పు కొస లోపల పెట్టుకుని తాగడమే కారణమని శీర్షికలోనే స్పష్టంగా ఉంటుంది. అక్కడితో ఆగలేదు. కారణం పొగాకు తారా, వేడా? ఈ ప్రశ్న మీద 1960లో జంతువుల మీద తారునీ వేడినీ వాడి చేసిన ప్రయోగం 'క్యాన్సర్' జర్నల్లో వేశారు. జిల్లా ఆసుపత్రి స్థాయి సౌకర్యాలతో ఆ కాలంలో ప్రయోగం పెట్టడం అంటే మాటలు కాదు.

తర్వాతి తరంలో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి గారు. డాక్టరు గారు పైన ఎర్ర చుక్కలు అన్నారు కదా, ఆ నాళాల్లోపల ఏం జరుగుతోందో 1972లో ఈయన బృందం చూపించింది. నాళం లోపలి పొర మామూలుగా ఉండాల్సిన తీరు పోయి చర్మం లాంటి పొలుసుల కణాలుగా మారుతుంది, కొన్నిచోట్ల కణాల వరస తప్పి అస్తవ్యస్తంగా కనిపిస్తుంది. పైన తెల్లటి పొర కింద ఏమీ లేదనుకుంటాం, లోపల నాళం వెంట మొదలై ఉండొచ్చు. నేను స్లైడు మీద అది మొదటిసారి చూసినప్పుడు మా మేడమ్ అన్నారు, "పైపైన కోసిన ముక్క ఇచ్చి బాగుందని రాయమంటారు, ఇది చూపించు వాళ్లకి." 1974లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ జర్నల్లో అడ్డపొగకీ గట్టి అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం మీద మళ్లీ రాశారు.

చికాకోలు_పళ్లడాక్టరు:
మేడమ్, ఆ "పైపైన కోసిన ముక్క" మాట నాకు గుచ్చుకుంది. ఒక కేసు చెప్పాలి. అరవై దాటిన ఆవిడ, అంగిలి తెలుపు మధ్యలో ఒకచోట చిన్న గుంట, వేలు పెడితే గట్టిగా తగిలింది. వాళ్లు ముందే ఎక్కడో చూపించుకున్నారట, ముక్క తీసి ఒక ప్రైవేటు ల్యాబుకి పంపితే "కెరటోసిస్ (పొర దళసరి కావడం), క్యాన్సర్ లేదు" అని రిపోర్టు. కాగితం నా చేతిలో పెట్టి "లేదన్నారు కదండీ" అన్నాడు కొడుకు. నేను రిపోర్టు చదివితే ముక్క సైజు రెండు మిల్లీమీటర్లు. రెండు! ఆ దళసరి తెలుపు మందమే అంత ఉంటుంది. కింద పొర రానే లేదు, ఇంక క్యాన్సర్ ఉందో లేదో ఎవరు చెప్తారు? మళ్లీ లోతుగా తీసి పంపించాం, ఈసారి ఉంది. తప్పు ముక్క కోసిన వాళ్లదా, సరిపోదని రాయకుండా రిపోర్టు ఇచ్చిన వాళ్లదా అని ఇప్పటికీ నాకు కోపమే.

న్యూజెర్సీ_నాగమణి:
ఇంతకీ ఆవిడ ఎలా ఉన్నారు డాక్టరు గారూ?

చికాకోలు_పళ్లడాక్టరు:
ఆపరేషన్ అయింది, అంగిలికి ప్లేటు పెట్టుకుని అన్నం తింటోంది. చుట్ట మానేసింది అంటోంది, నమ్ముతున్నాను.

న్యూజెర్సీ_నాగమణి:
సంతోషం. నాది ఇంకో ప్రశ్న. నేను ఫార్మా కంపెనీలో పనిచేస్తాను, మాకు ఒక పాత పేపరు కనిపించింది, ఇదే ఖానోల్కర్ ఇంకొకరితో కలిసి ఎలుకల అంగిలికి మిరపకాయ కారం (క్యాప్సైసిన్) పూసి నోరు బిగుసుకుపోయే జబ్బు తెప్పించినట్టు ఉంది. గుంటూరు వాళ్లం మేము, ఇది చదివి మా ఆయన పచ్చడి జాడీ దాచేశారు. ఇది నిజమేనా?

గాజుపలక:
హహ, జాడీ బయటికి తీయమనండి. అది 1960 పేపరు, సత్యవతి సిర్సాట్ గారూ ఖానోల్కరూ రాసినది. సిర్సాట్ గారు ఖానోల్కర్ దగ్గరే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీద పనిచేసిన పెద్ద మనిషి. ఎలుకలకి ముందు ఆహారంలో లోపం చేసి, తర్వాత అంగిలికి క్యాప్సైసిన్ పూశారు. మీరు చెప్పిన ఆ నోరు బిగుసుకుపోయే జబ్బు, అంటే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, మిరపకాయ వల్ల వస్తుందేమోనని అప్పట్లో చాలామందికి అనుమానం. తర్వాత తేలింది ఏంటంటే దోషి వక్క. 2003లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిపుణులు కూర్చుని వక్కని కూడా క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టారు, పొగాకు కలిపినా కలపకపోయినా.

కాబట్టి సుబ్బు గారికి ఆయుధం ఒకటి నేనే ఇస్తున్నాను: ఆ సిద్ధాంతం నిలబడలేదు. అయితే ఏంటి? అనుమానాన్ని ఎలుక దాకా తీసుకెళ్లి పరీక్ష పెట్టారు, రాసి పెట్టారు, తర్వాతివాళ్లు కాదన్నారు. అలాగే కదా నడిచేది.

సిటేషన్_సుబ్బు:
ఆయుధం వద్దులెండి. నా గొడవ ఆయనతో కాదు, "పితామహుడు" అనే బిరుదుతో. మీరు సంఘ్వీ, సిర్సాట్ అని పేర్లు చెప్తుంటే నాకు ఇంకో సంగతి తట్టింది. కమల్ రణదివే కూడా ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేశారు కదా? దేశంలో మొదటి టిష్యూ కల్చర్ ల్యాబ్ (కణాల్ని ఒంటి బయట పెంచే చోటు) పెట్టిన ఆవిడ. అంటే ఆయన పేపర్లు లెక్కపెట్టడం కంటే ఆయన గదిలోంచి బయటికొచ్చిన మనుషుల్ని లెక్కపెట్టాలి. అది మా సాఫ్ట్‌వేర్‌లో ఏ గడిలోనూ పట్టదు.

గాజుపలక:
అవును, రణదివే గారు 1949లో అక్కడే. 1952లో పరేల్‌లోనే ఇండియన్ క్యాన్సర్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు, ఖానోల్కర్ మొదటి డైరెక్టర్, ఈ జనం అంతా అందులోనే. కుష్టు మీద కూడా పనిచేశారు, అదో పెద్ద కథ, ఐసీఆర్‌సీ (ఈ సెంటర్ పేరుకే పొట్టి రూపం) బాసిలస్ అని వెతికితే దొరుకుతుంది. 1966లో దాన్నీ ఆసుపత్రినీ కలిపి టాటా మెమోరియల్ సెంటర్ చేశారు. ఇప్పుడు నవీ ముంబై ఖార్ఘర్‌లో వాళ్ల పరిశోధనా సంస్థలో ఒక భవనం పేరు ఖానోల్కర్ శోధిక. మన అగనంపూడిలో ఉన్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఆ టాటా మెమోరియల్ సెంటర్‌దే. రాజు గారూ, రైలెక్కి బొంబాయి వెళ్లే పని ఇప్పుడు చాలావరకు తప్పింది.

కొత్తవలస_రాజు:
అది మాకు తెలుసండీ, మా పెదనాన్న గారు అక్కడే చూపించుకుంటున్నారు. నాకు ఒకటి అర్థం కావట్లేదు. 1937 నుంచి తెలుసు, 1945లో తెలుసు, 1957లో తెలుసు, 1974లోనూ రాశారు. ఇన్నిసార్లు కనిపెట్టిందే కనిపెట్టి ఏం సాధించారు? మా ఊళ్లో ఇంకా తాగుతున్నారు. డాక్టర్లు జర్నల్లో రాసుకుంటే అప్పలమ్మకి ఏం తెలుస్తుంది?

చికాకోలు_పళ్లడాక్టరు:
రాజు గారూ, మంచి ప్రశ్న, కానీ ఒక మెట్టు మీకు తెలియలేదు. 1960ల్లో ఫలీ మెహతా అనే ఆయన, డెన్మార్క్ నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్ (ఓరల్ పాథాలజీలో ఆయన పేరుతో ఒక కణితే ఉంది), గుప్తా, దఫ్తరీ, వీళ్లంతా ఆసుపత్రిలో కూర్చోకుండా ఊళ్ల మీద పడ్డారు. వాళ్ల యూనిట్ ఉన్నది ఎక్కడో తెలుసా, బొంబాయి టాటా ఫండమెంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో, భౌతికశాస్త్రం వాళ్ల మధ్య! ఐదు జిల్లాల్లో 50,915 మంది పల్లె జనం నోళ్లు చూశారు, 1969లో అచ్చయింది. ఆ ఐదింట్లో ఒకటి మన శ్రీకాకుళం. ఇక్కడి 10,169 మంది లెక్క విడిగా 1971లో వచ్చింది, ఇంటింటికీ తిరిగి చూస్తే నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగుతున్నారు. మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ.

తేడా గమనించండి. ఆసుపత్రికి వచ్చేది జబ్బు ముదిరినవాళ్లు. ఊళ్లోకి వెళ్తే జబ్బు రాబోయే వాళ్లు, రానివాళ్లు కూడా కనిపిస్తారు. తెల్ల మచ్చ ఎవరికి ముదురుతుంది, ఎవరికి అక్కడే ఆగుతుంది అనేది అప్పుడే తెలుస్తుంది. మా నాన్న గారు చెప్పేవారు, వాళ్లు జీపులో వచ్చి అరుగు మీద కూర్చోబెట్టి నోట్లో టార్చి వేసి చూసేవాళ్లని, జనం మొదట పళ్లు పీకేస్తారని పారిపోయేవాళ్లని.

తర్వాత ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం మూడింట్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లకి ఒక్కొక్కరితో మాట్లాడి, సినిమాలు, రేడియో, పోస్టర్లతో చెప్పి చెప్పి, ఏటా నోరు పరీక్ష చేశారు. ఐదేళ్ల తర్వాత చూస్తే మానేసినవాళ్లు పెరిగారు, కొత్తగా తెల్ల మచ్చలు రావడం తగ్గింది. 1986లో లాన్సెట్‌లో వచ్చింది. మందు లేదు, మాకు లేదు, మాట మాత్రమే. అప్పలమ్మకి తెలిసింది సార్, ఎవరో ఇంటికొచ్చి చెప్పారు కాబట్టి తెలిసింది.

పాతబస్తీ_మాస్టారు:
మరి ఇప్పుడు పాకెట్ల మీద బొమ్మలు వేస్తున్నారు కదా, 2009 నుంచి.

చికాకోలు_పళ్లడాక్టరు:
మాస్టారూ, ఆకు కొనుక్కొచ్చి ఇంట్లో తొడ మీద చుట్టుకునే చుట్టకి పాకెట్ ఎక్కడిది? సంతలో విడిగా కొన్నా తాటాకు ముక్కతో కట్టిన కట్ట ఇస్తారు. బొమ్మ వేయడానికి చోటు లేదు. అడ్డపొగ తగ్గింది, అది వాస్తవం, నా దగ్గరికి వచ్చేవాళ్లలో యాభై లోపు వయసు వాళ్లు దాదాపు లేరు. కుర్రాళ్లు గుట్కాకి మారారు, కాబట్టి జబ్బు అంగిలి మీంచి బుగ్గకి దిగింది, పోలేదు.

న్యూజెర్సీ_నాగమణి:
అదే కదా 1955 పేపరు చెప్పింది, అలవాటు మారితే చోటు మారుతుందని. చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

సిటేషన్_సుబ్బు:
మేడమ్ (గాజుపలక గారూ), ఒకటి సూటిగా అడుగుతాను. ఈ రోజు మీ డిపార్ట్‌మెంట్‌లో ఖానోల్కర్ ప్రభావం ఎక్కడైనా కనిపిస్తుందా? గోడ మీద ఫొటో సంగతి అడగట్లేదు.

గాజుపలక:
కనిపించాల్సిన చోట కనిపించట్లేదు, అదే నా బాధ. ముక్కతో పాటు మాకు ఒక ఫారం వస్తుంది. పేరు, వయసు, ఎక్కడి నుంచి తీశారు, క్లినికల్ హిస్టరీ. ఆ హిస్టరీ గడిలో తొంభై శాతం ఏముంటుందంటే "అల్సర్, క్యాన్సర్ అనుమానం", అంతే. కొన్నిసార్లు అదీ ఉండదు, గీత ఉంటుంది. చుట్టా, ఖైనీనా, గుట్కానా, ఎన్నేళ్లుగా, ఏ పక్క దవడలో పెట్టుకుంటారు, ఏమీ ఉండదు. నేను స్లైడు చూసి స్క్వామస్ సెల్ కార్సినోమా (పొలుసుల కణాల క్యాన్సర్), ఎంత లోతు, నరం చుట్టూ పాకిందా, అంచులు శుభ్రంగా ఉన్నాయా అన్నీ రాస్తాను. ఇమ్యునో రంగులు (కణాల్లోని ప్రోటీన్లని పట్టి చూపించేవి) వేస్తాం, ఈమధ్య జన్యు పరీక్షలు కూడా. కానీ ఈ మనిషి రోజూ ఏం చేస్తాడో నాకు తెలియదు. 80 ఏళ్ల కింద పరేల్‌లో ఒకాయన ఆ గడి నింపించుకుని మూడు రకాల క్యాన్సర్లు పట్టాడు, ఇవాళ మా దగ్గర కొన్ని వేల ఫారాలు గీతలతో అటక మీద ఉన్నాయి. వాటితో నేను థీసిస్ చేద్దామనుకుంటే అలవాటు తెలిసిన కేసులు సగం కూడా రాలేదు. గైడ్ గారు టాపిక్ మార్చుకోమన్నారు.

సిటేషన్_సుబ్బు:
మార్చకండి. అదే టాపిక్ చేయండి, ఎన్ని ఫారాల్లో హిస్టరీ లేదో లెక్క తీసి వేయండి. ఏ జర్నలైనా తీసుకుంటుంది. గణాంకాలు నేను చూసిపెడతాను, పేరు కూడా వేయక్కర్లేదు.

పాతబస్తీ_మాస్టారు:
సుబ్బూ, పేరు వద్దన్న మాట నీ నోట వినడం ఇదే మొదలు.

గాజుపలక:
సుబ్బు గారూ, నిజంగానా? మెసేజ్ పెడతాను. పాత ఫారాలతో ఆ లెక్క తీస్తాను, దానికి తోడు ఇప్పటి నుంచి వచ్చేవి సరిగ్గా నింపించుకుంటే పోల్చి చూపించొచ్చు. పళ్ల డాక్టరు గారూ, మీ అంగిలి కేసులు మాకు పంపగలరా?

చికాకోలు_పళ్లడాక్టరు:
తప్పకుండా. నేను ఇలా రాసి పంపుతాను, సరిపోతుందో చూడండి: అడ్డపొగా మామూలుగానా, రోజుకి ఎన్ని చుట్టలు, ఎన్నేళ్లు, ఎప్పుడైనా మానేశారా, పక్కన జరదా, వక్క, ఖైనీ ఉన్నాయా. అంగిలి బొమ్మ గీసి ముక్క ఎక్కడ తీశానో చుక్క పెడతాను, ఫొటో ఫోన్లో పంపుతాను. ముక్క కనీసం అయిదు మిల్లీమీటర్లు, గ్రంథులు వచ్చేదాకా లోతు.

గాజుపలక:
చాలు, ఇది చాలా ఎక్కువ 🙏 చుట్ట ఇంట్లో చుట్టిందా కొన్నదా అనేది కూడా రాయండి, పొగాకు రకం తెలిస్తే మరీ మంచిది. ఇంకో చిన్న మాట, ఫార్మలిన్ ముక్కకి పదింతలు పోయించండి, సీసా మూత మీద టేపు వేయించండి. శ్రీకాకుళం బస్సులో వచ్చిన పార్సిల్ ఒకటి పోయిన నెల సగం కారిపోయి వచ్చింది, పక్కన ఉన్నాయన చొక్కా మీద పడిందని కండక్టర్ మా అటెండర్‌ని పట్టుకుని తిట్టాడు.